పాత చెస్ కంప్యూటర్‌ని పేరున్న పొజిషన్లతో పరీక్షించడం ఎలా

పాత డెడికేటెడ్ చెస్ కంప్యూటర్ (చెస్ ఆడటానికే చేసిన మెషిన్) ఒకటి చేతికొచ్చింది, ఆన్ అవుతోంది, ఇప్పుడు దాని సత్తా ఎంతో తెలియాలి. ఆటలు ఆడి తేల్చుకుందామంటే నెలలు పడుతుంది, పైగా ఓడిపోయినప్పుడల్లా అది బాగా ఆడిందా, మనమే చెత్తగా ఆడామా అన్నది తేలదు. అదే పేరున్న టాక్టికల్ పొజిషన్లు పెట్టి చూస్తే ఒకట్రెండు సాయంత్రాల్లోనే దాని లెక్క ఎలా నడుస్తుందో చాలావరకు బయటపడుతుంది. కాకపోతే చాలామంది చేసేది ఏమిటంటే, పొజిషన్ పెట్టి, సరైన ఎత్తు వస్తే టిక్కు, రాకపోతే ఇంటూ వేసి వదిలేస్తారు. అలా చేస్తే ఉపయోగపడే సమాచారంలో సగం పైగా పోతుంది. ఎత్తు వచ్చిందా లేదా అన్నదొక్కటే కాదు, ఎంతసేపటికి వచ్చింది, వచ్చాక నిలబడిందా, అప్పుడు స్కోరు (ఎవరు ఎంత ముందున్నారో బంట్ల లెక్కలో మెషిన్ వేసే అంచనా) ఏమైంది, ఈ మూడూ రాసుకోవాలి.

నేను చెప్పేది 1977లో ఫిడెలిటీ చెస్ ఛాలెంజర్‌తో మొదలై 1990ల మధ్యదాకా వచ్చిన మెషిన్ల గురించి. వీటిలో చాలావాటి లోపల ఉండేది 6502 లాంటి 8 బిట్ చిప్, స్పీడు కొన్ని మెగాహెర్ట్జ్ అంతే. 1984 నాటి నోవాగ్ సూపర్ కాన్‌స్టలేషన్ 4 మెగాహెర్ట్జ్‌తో నడిచేది. రిచర్డ్ లాంగ్ ప్రోగ్రాములతో వచ్చిన మెఫిస్టో మెషిన్లు, అంటే 1985 ఆమ్‌స్టర్‌డామ్ నుంచి మొదలైనవి, 68000 కుటుంబం చిప్పుల మీద నడిచాయి. 1993లో వచ్చిన టాస్క్ ఆర్30లో ఆర్మ్ ప్రాసెసర్. ఇప్పటి ఫోన్ సెకనుకు లక్షల పొజిషన్లు చూస్తుంది, 6502 మెషిన్ చూసేది వందల నుంచి వేలలో. అందుకే ఇక్కడ మన కొలత సెకన్లలో కాదు, నిమిషాల్లో, ఒక్కోసారి గంటల్లో.

ముందు మెషిన్ సంగతి. అడాప్టర్ పెట్టేముందు వోల్టేజీ, ప్లస్-మైనస్ ఎటువైపు ఉన్నాయో మెషిన్ మీద రాసినదాంతో సరిచూడండి, పిన్ను దూరింది కదా అని పెట్టేయకండి. అన్ని కంపెనీలూ ఒకే పద్ధతి పాటించలేదు, తప్పు అడాప్టర్ పెడితే పరీక్ష అక్కడితోనే ముగుస్తుంది. బ్యాటరీ పెట్టెలో తెల్లటి పొడి కనిపిస్తే శుభ్రం చేశాకే ఆన్ చేయండి. తర్వాత 64 గళ్లూ ఒక్కొక్కటిగా నొక్కి చూడండి. నొక్కుడు బోర్డుల్లో ఒకటో రెండో గళ్లు మొండికేయడం మామూలే, ఆ గడిలో ఉండాల్సిన బంటు మెషిన్ మెమరీలోకి ఎక్కకపోతే మీరు పరీక్షించేది వేరే పొజిషన్‌ని. పొజిషన్ పెట్టడం అయ్యాక వెరిఫై బటన్‌తో, లేకపోతే ఒక్కో గడి నొక్కి, ఏ పావు ఎక్కడుందో తిరిగి చదివించుకోవాలి. దీనికి పట్టే రెండు నిమిషాలకు బద్ధకిస్తే తర్వాత రెండు గంటలు పోతాయి.

పొజిషన్ ఎక్కించేటప్పుడు ఎక్కువగా తప్పేవి రెండు: ఎవరి వంతు అన్నది, కాసిలింగ్ హక్కు. రాజు, ఏనుగు సొంత గళ్లలో ఉంటే కొన్ని మెషిన్లు కాసిలింగ్ ఇంకా చెల్లుతుందనే అనుకుంటాయి. కింద నేనిచ్చే పొజిషన్లలో ఈ బెడద లేదు, మీరు వేరేవి ఎంచుకుంటే మాత్రం గుర్తుంచుకోండి. ఒక పొజిషన్ అయిపోయి ఇంకోదానికి వెళ్లేముందు న్యూ గేమ్ కొట్టి మొత్తం చెరిపేయండి. హ్యాష్ టేబుల్స్ (లెక్కపెట్టిన పొజిషన్లను గుర్తుంచుకునే మెమరీ) ఉన్న మెషిన్లలో పాత లెక్కలు మిగిలిపోతే రెండోసారి అదే పొజిషన్ చిటికెలో తేల్చేస్తుంది, మనమేమో దాని తెలివికి మురిసిపోతాం. మన వంతులో కూడా ఆలోచించే పర్మనెంట్ బ్రెయిన్ సదుపాయం ఉంటే దాన్ని ఆపేయండి.

లెవెల్ ఏది పెట్టాలన్నదానికి నా సమాధానం ఎనాలిసిస్, టోర్నమెంట్ రెండూ అని. మొదట అనంతంగా ఆలోచించే ఎనాలిసిస్ లెవెల్‌లో పెట్టి, బటన్ నొక్కిన క్షణం నుంచి స్టాప్‌వాచ్ నడపండి. డిస్‌ప్లేలో అప్పటికి అది ఎంచుకున్న ఎత్తు మారినప్పుడల్లా టైం, డెప్త్ (ఎన్ని ఎత్తుల ముందుకి చూసిందో), స్కోరు రాసుకోండి. సరైన ఎత్తు మొదటిసారి కనిపించిన టైం కాదు లెక్క, చివరిసారిగా దానికి మారి ఇక కదలని టైం లెక్క. రెండో నిమిషంలో సరైనదాన్ని పట్టుకుని, నాలుగో నిమిషంలో వదిలేసి, పదకొండో నిమిషంలో మళ్లీ దానికే వస్తే, జవాబు పదకొండు. ఆ తర్వాత అదే పొజిషన్‌ని టోర్నమెంట్ లెవెల్‌లో, అంటే ఎత్తుకి సగటున 3 నిమిషాలు ఇచ్చే లెవెల్‌లో పెట్టండి. రెండూ ఒకటే కదా అనిపిస్తుంది గానీ కాదు: ఆట లెవెల్‌లో మెషిన్ తన టైం తనే పొదుపు చేసుకుంటుంది, ఎదురుగా కొట్టదగ్గ పావు కనిపిస్తే చాలు, ఎక్కువ ఆలోచించకుండా కొట్టేసే అలవాటు కొన్నింటికి ఉంది. ఎనాలిసిస్‌లో 90 సెకన్లకు దొరికిన ఎత్తు ఆటలో అసలు దొరక్కపోవచ్చు. ఆ తేడా కూడా ఆ మెషిన్ స్వభావమే.

డిస్‌ప్లే లేకుండా లైట్లు మాత్రమే ఉన్న పాత మోడళ్లతో ఈ పద్ధతి కుదరదు. కొన్ని ఆలోచిస్తున్నంతసేపూ అప్పటి ఎత్తును లైట్లతో మినుకుమినుకుమనిపిస్తాయి, అవి నయం. అదీ లేకపోతే చిన్న లెవెల్ నుంచి ఒక్కో మెట్టు పెంచుకుంటూ వెళ్లి, ఏ లెవెల్‌లో మొదటిసారి సరైన ఎత్తు ఆడిందో, దాని పైలెవెల్‌లో కూడా అదే ఆడిందో చూసుకోవాలి. మోటు పద్ధతే, కానీ పనిచేస్తుంది. మేట్ వెతికే ప్రాబ్లం లెవెల్ మాత్రం వాడకండి. అందులో మెషిన్ మేట్ తప్ప ఇంకేదీ చూడదు, దాని ఆట గురించి అది ఏమీ చెప్పదు.

ఇక పొజిషన్లు. వార్మప్‌కి బ్రాట్కో-కోపెక్ పరీక్షలోని మొదటిది పెట్టండి. 1982 నాటి ఈ పరీక్షలో 24 పొజిషన్లు, ఒక్కోదానికి 2 నిమిషాలు. తెల్ల రాజు సీ1, మంత్రి ఈ3, ఏనుగు ఎఫ్7, బిషప్‌లు సీ4, ఎఫ్2, బంట్లు ఏ2, బీ2, సీ2. నల్ల రాజు బీ8, మంత్రి డీ6, ఏనుగు డీ8, బిషప్ డీ7, బంట్లు ఏ7, బీ7, ఈ5, జీ6, హెచ్6. వంతు నల్లది. మంత్రిని డీ1లో పెట్టి చెక్, రాజు కొట్టక తప్పదు, బిషప్ జీ4కి వచ్చి డబుల్ చెక్, రాజు ఎటు జరిగినా ఏనుగు డీ1లో మేట్. మొత్తం 5 ప్లైలు, అంటే రెండు పక్షాలవీ కలిపి ఐదు ఎత్తులు, మధ్యలో అన్నీ చెక్కులే. ఇది కూడా దొరక్కపోతే మెషిన్‌ని తిట్టేముందు పొజిషన్ సరిగ్గా ఎక్కిందో లేదో చూడండి.

తర్వాత 1912 బ్రెస్లావ్‌లో లెవిట్‌స్కీ మీద మార్షల్ ఆడిన ఎత్తు. తెల్ల రాజు జీ1, మంత్రి జీ5, ఏనుగులు సీ5, ఎఫ్1, బంట్లు ఏ2, సీ2, ఎఫ్2, జీ2, హెచ్2. నల్ల రాజు జీ8, మంత్రి సీ3, ఏనుగులు ఎఫ్8, హెచ్3, గుర్రం డీ4, బంట్లు ఏ7, బీ7, ఈ6, జీ7, హెచ్7. వంతు నల్లది, ఎత్తు మంత్రి జీ3. తెల్ల మూడు రకాలుగా కొట్టొచ్చు, రెండు బంట్లలో దేనితో కొట్టినా మేటే. మంత్రితో కొడితే గుర్రం ఈ2లో చెక్ చెప్పి, జీ3లో మంత్రిని తీసుకుని, ఎఫ్1లో ఏనుగుని కూడా తీసుకుంటుంది, తెల్ల హెచ్3లో ఏనుగుని కొట్టినా చివరికి నల్లకు గుర్రం మిగులు. అలా కొట్టడాలు తేలడానికి 8 ప్లైలు చూడాలి. ఇక్కడ గమనించాల్సింది, మెషిన్ మేట్ చూసిందా అని కాదు, తెల్ల తీసుకోగల మూడో దారిని కూడా చివరిదాకా లెక్కపెట్టిందా అని. స్కోరు మూడు బంట్ల దరిదాపుల్లో ఉంటే లెక్క సరిగ్గా ఉన్నట్టు.

అండర్‌సన్ 1852లో డుఫ్రెస్న్ మీద ఆడిన ఎవర్‌గ్రీన్ ఆట చివరి భాగం, చెక్ వచ్చినప్పుడు లెక్కను ఇంకొంచెం ముందుకు పొడిగించి చూసే మెషిన్లకు ఇష్టమైన మేత. తెల్ల రాజు జీ1, మంత్రి ఏ4, ఏనుగులు డీ1, ఈ1, బిషప్‌లు ఏ3, డీ3, బంట్లు ఏ2, సీ3, ఎఫ్2, ఎఫ్6, జీ2, హెచ్2. నల్ల రాజు ఈ8, మంత్రి ఎఫ్3, ఏనుగులు బీ8, జీ8, బిషప్‌లు బీ6, బీ7, గుర్రాలు సీ6, ఈ7, బంట్లు ఏ7, సీ7, డీ7, ఎఫ్7, హెచ్7. వంతు తెల్లది. ఏనుగు ఈ7 గుర్రాన్ని కొట్టి చెక్. సీ6 గుర్రం తిరిగి కొడితే మంత్రి డీ7ని కొట్టి చెక్, రాజు కొట్టాక బిషప్ ఎఫ్5లో డబుల్ చెక్, తర్వాత అదే బిషప్ డీ7లో చెక్, చివరికి రెండో బిషప్ ఈ7లో కొట్టి మేట్. నల్ల కూడా జీ2లో మేట్ వేయడానికి సిద్ధంగా ఉంది కాబట్టి తెల్ల తీరిగ్గా ఆడే అవకాశమే లేదు, అందుకే పక్కదారులు తక్కువ, మెషిన్‌కి పని తేలిక. నల్ల రాజు ముందే డీ8కి జరిగితే వ్యవహారం పొడవవుతుంది, అందువల్ల డిస్‌ప్లేలో మేట్ అని కాకుండా మామూలు స్కోరు కనిపించినా కంగారు పడొద్దు.

నాకు అన్నిటికంటే నచ్చే పరీక్ష 1889 ఆమ్‌స్టర్‌డామ్‌లో లాస్కర్ బావర్ మీద ఇచ్చిన రెండు బిషప్‌లది. తెల్ల రాజు జీ1, మంత్రి ఈ2, ఏనుగులు ఏ1, ఎఫ్1, బిషప్‌లు డీ3, ఈ5, బంట్లు ఏ2, బీ3, సీ2, డీ2, ఈ3, ఎఫ్4, జీ2, హెచ్2. నల్ల రాజు జీ8, మంత్రి సీ6, ఏనుగులు ఏ8, ఎఫ్8, బిషప్‌లు బీ7, ఈ7, గుర్రం హెచ్5, బంట్లు ఏ6, బీ6, సీ5, డీ5, ఈ6, ఎఫ్7, జీ7, హెచ్7. వంతు తెల్లది. నల్ల ఇప్పుడే ఒక గుర్రాన్ని కొట్టి హెచ్5లో కూర్చుంది, కాబట్టి ఏ మెషిన్‌కైనా మొదట తోచేది మంత్రితో దాన్ని తిరిగి కొట్టడమే, లెక్క సమానం అవుతుంది. అందుకే ఇది అంత శుభ్రమైన పరీక్ష. బిషప్‌తో హెచ్7 కొట్టే ఎత్తుకి మారిందంటే అది అనుకోకుండా మారదు, ఏదో చూసే మారింది. లాస్కర్ వరసలో హెచ్7 తర్వాత మంత్రి హెచ్5లో చెక్, రెండో బిషప్ జీ7లో, మంత్రి జీ4లో చెక్, ఆపైన ఏనుగు ఎఫ్3కి మెల్లగా వస్తుంది. ఈ ఏనుగు ఎత్తే అసలు చిక్కు, ఎందుకంటే అది చెక్ కాదు. చెక్కులు మాత్రమే పొడిగించే ప్రోగ్రాం అక్కడిదాకా పరుగెత్తుకొచ్చి సరిగ్గా అక్కడే ఆగిపోతుంది. నల్ల మంత్రిని ఇచ్చి మేట్ తప్పించుకున్నాక తెల్ల మంత్రి డీ7కి వెళ్లి రెండు బిషప్‌లనూ ఒకేసారి పట్టుకుంటుంది, అక్కడికి 15 ప్లైలు. చిన్న మెషిన్ అంత దూరం చూడనక్కర్లేదు, రాజు దగ్గర బంట్లు లేకపోతే ఎంత ప్రమాదమో దాని మూల్యాంకనంలో ఉంటే ముందే మొగ్గుతుంది. త్యాగాలకు పేరుపడ్డ సూపర్ కాన్‌స్టలేషన్ లాంటి వాటిని, పూర్తిగా లెక్కమీదే నడిచే వాటిని పక్కపక్కన పెట్టి చూడటానికి ఇంతకంటే మంచి పొజిషన్ నాకు తెలీదు.

సరైన ఎత్తు, తప్పుడు కారణం అన్న జబ్బు పట్టుకోవడానికి 1956 న్యూయార్క్‌లో డొనాల్డ్ బర్న్ మీద 13 ఏళ్ల ఫిషర్ ఆడిన 17వ ఎత్తు. తెల్ల రాజు ఎఫ్1, మంత్రి ఏ3, ఏనుగులు డీ1, హెచ్1, బిషప్‌లు సీ4, సీ5, గుర్రం ఎఫ్3, బంట్లు ఏ2, డీ4, ఎఫ్2, జీ2, హెచ్2. నల్ల రాజు జీ8, మంత్రి బీ6, ఏనుగులు ఏ8, ఈ8, బిషప్‌లు జీ4, జీ7, గుర్రం సీ3, బంట్లు ఏ7, బీ7, సీ6, ఎఫ్7, జీ6, హెచ్7. వంతు నల్లది, జవాబు బిషప్ ఈ6, మంత్రిని వదిలేసి. గుర్రం బీ5కి రావడం సహజంగా కనిపిస్తుంది గానీ తెల్ల బిషప్ ఎఫ్7లో కొట్టి చెక్ అనగానే బోల్తా. అంటే మిగతావన్నీ చెడ్డవని తేలడం వల్ల కూడా మెషిన్ ఈ6కి రావొచ్చు, త్యాగం గెలుస్తుందని తెలియకుండానే. తేడా స్కోరులో తెలుస్తుంది: నల్లకు ఇబ్బందిగా ఉందన్న స్కోరుతోనే ఈ6 ఆడితే అది గత్యంతరం లేక ఆడిన ఎత్తు, స్కోరు నల్లవైపు గట్టిగా తిరిగితే మంత్రికి బదులుగా ఏనుగు, రెండు బిషప్‌లు, ఒక బంటు దక్కే వరసని చూసినట్టు. దాని మీద నమ్మకం లేకపోతే తెల్లవైపు మీరే ఆడండి, ఈ6 బిషప్‌ని కొట్టండి. మంత్రి బీ5లో చెక్‌తో మొదలుపెట్టి, గుర్రంతో గిరగిరా తిప్పి, చివరికి మంత్రిని ఎఫ్1లో ఇచ్చి ఈ2లో గుర్రంతో మేట్ వేస్తుందో లేదో చూడండి.

ఎంత దూరం చూడలేదో తెలుసుకోవడానికి 1938 ఆవ్‌రో టోర్నమెంట్‌లో బోట్విన్నిక్ కాపాబ్లాంకా మీద ఆడిన 30వ ఎత్తు, బిషప్ ఏ3. తెల్ల రాజు జీ1, మంత్రి ఈ5, బిషప్ బీ2, గుర్రం జీ3, బంట్లు సీ3, డీ4, ఈ6, జీ2, హెచ్2. నల్ల రాజు జీ7, మంత్రి ఈ7, గుర్రాలు బీ3, ఎఫ్6, బంట్లు ఏ7, బీ6, సీ4, డీ5, జీ6, హెచ్7. బిషప్ పోయాక గుర్రం కూడా హెచ్5లో పోతుంది, ఆపైన నల్ల వరసగా చెక్కులిస్తుంటే తెల్ల రాజు హెచ్ వరసదాకా నడుచుకుంటూ వెళ్లి తప్పించుకోవాలి. ఆట ముగిసేదాకా 23 ప్లైలు. మామూలుగా ఒక్కో ప్లై పెరిగేకొద్దీ టైం నాలుగైదు రెట్లు అవుతుంది కాబట్టి 6502 దీన్ని చివరిదాకా చూడటం జరిగేపని కాదు. ఎనాలిసిస్‌లో రాత్రంతా వదిలేయండి, ఆసక్తి ఉంటే. ఈ6 బంటుకి ఎక్కువ విలువిచ్చే ప్రోగ్రాములు లెక్క తేలకుండానే ఏ3 వైపు మొగ్గే అవకాశం ఉంది, అప్పుడు కూడా స్కోరే చెబుతుంది.

టాక్టిక్స్ కాని రెండు చిన్న పొజిషన్లు కూడా చేర్చండి, పట్టేది నిమిషాలే. సావెద్రా పొజిషన్: తెల్ల రాజు బీ6, బంటు సీ6, నల్ల రాజు ఏ1, ఏనుగు డీ5, తెల్ల వంతు. చివర్లో సీ8లో మంత్రి చేస్తే నల్ల ఏనుగుని ఇచ్చి స్టేల్‌మేట్‌తో బతికిపోతుంది, ఏనుగు చేస్తేనే గెలుపు. బంటు చివరికి చేరితే మంత్రి తప్ప ఇంకేదీ చేయని మెషిన్ ఎంతసేపు ఆలోచించినా దీన్ని సాధించదు, కాబట్టి తప్పు స్పీడుది కాదు. రెండోది రూబెన్ ఫైన్ 1941 ఎండ్‌గేమ్ పుస్తకంలోని 70వ నంబరు: తెల్ల రాజు ఏ1, బంట్లు ఏ4, డీ4, డీ5, ఎఫ్4, నల్ల రాజు ఏ7, బంట్లు ఏ5, డీ6, ఎఫ్5, తెల్ల వంతు, జవాబు రాజు బీ1. హ్యాష్ టేబుల్స్ ఉన్నాయా, పనిచేస్తున్నాయా అన్నది దీనితో తెలిసిపోతుంది: ఉంటే ఒకే పొజిషన్‌కి వేర్వేరు దారుల్లో వచ్చినా మళ్లీ లెక్కపెట్టదు, డెప్త్ గబగబా పెరుగుతుంది. లేకపోతే ఎక్కడో ఇరుక్కుంటుంది. ఒక్క జాగ్రత్త, బంట్లన్నీ ఇరుక్కుపోయాయి కాబట్టి తెల్లకు ఉన్నవే మూడు ఎత్తులు. గుడ్డిగా ఆడినా మూడింట ఒకసారి సరైనదే వస్తుంది. స్కోరు ఒక బంటంత పైకి లేస్తే తప్ప మార్కు వేయకండి.

ఫలితాలు పోల్చేటప్పుడు డెప్త్ అంకెల్ని కంపెనీలు దాటి పోల్చొద్దు. లాంగ్ ప్రోగ్రాముల్లా ఎంపిక చేసుకుని లోతుకి వెళ్లేవాటి 5, అన్ని ఎత్తులూ చూసే ఇంకో ప్రోగ్రాం 5 ఒకటి కాదు. టైం ఒక్కటే ఉమ్మడి కొలత. టైం కూడా ఒక్కోసారి అదృష్టమే, సరైన ఎత్తు జాబితాలో ముందుంటే త్వరగా దొరుకుతుంది. అది తేల్చుకోవాలంటే రంగులు తారుమారు చేసి, లేదా ఎడమ కుడి అద్దంలోలా తిప్పి అదే పొజిషన్‌ని మళ్లీ పెట్టండి. రెండు టైంలూ దగ్గరగా ఉంటే నమ్మొచ్చు, చాలా దూరంగా ఉంటే రెండూ రాసి పెట్టండి, సగటు తీయకండి. మీరు సొంతంగా ఎంచుకున్న పొజిషన్లైతే ముందు స్టాక్‌ఫిష్‌లో (ఇప్పటి బలమైన చెస్ ప్రోగ్రాం) పెట్టి గెలిచే ఎత్తు ఒక్కటే ఉందో లేదో చూడండి. పాత ఆటల్లో పొగడ్తలందుకున్న చాలా ఎత్తులకు అంతే మంచి ప్రత్యామ్నాయాలున్నాయని ఇప్పుడు తెలుస్తోంది, మెషిన్ అలాంటిది ఆడితే ఇంటూ వేయడం అన్యాయం.

అసలు మెషిన్ దగ్గర లేకపోయినా పాత మెషిన్లని ఇప్పటి కంప్యూటర్‌లో నడిపించే మేమ్ ఎమ్యులేటర్‌లో ఫిడెలిటీ, మెఫిస్టో, నోవాగ్ మోడళ్లు చాలా నడుస్తాయి, రోమ్ ఫైళ్లు (మెషిన్ చిప్‌లోని ప్రోగ్రాం కాపీలు) సక్రమంగా సంపాదించుకోవడం మీ బాధ్యత. స్పీడు పరిమితి తీసేస్తే గంటల పరీక్ష నిమిషాల్లో అయిపోతుంది, బోట్విన్నిక్ పొజిషన్‌కి ఇది పెద్ద ఊరట. అప్పుడు మాత్రం బల్ల మీది స్టాప్‌వాచ్ పనికిరాదు, మెషిన్ డిస్‌ప్లేలోని గడియారం చూపించే టైమే రాసుకోవాలి, దాన్ని అసలు మెషిన్ టైంతో పోల్చేముందు రెండింటి చిప్ స్పీడు ఒకటేనో కాదో చూసుకోండి, ఎందుకంటే ఒకే పేరుతో వేర్వేరు మెగాహెర్ట్జ్‌లలో వచ్చిన మోడళ్లు ఉన్నాయి.